ఇంజన్ నడుస్తూనే ఉంది, విమానం ఎందుకు కూలింది?

ప్రశ్న: ఇంటర్ అయ్యాక మా అబ్బాయి పైలట్ శిక్షణలో చేరతానంటున్నాడు. 2022 ఫిబ్రవరిలో నల్గొండ జిల్లా పెద్దవూర మండలంలో శిక్షణ విమానం కూలి, ఒంటరిగా నడుపుతున్న అమ్మాయి చనిపోయింది. అప్పటి నుంచి నాకు భయం. ఇంజన్ బాగానే ఉన్నా, దిగబోయే ముందు మలుపులో చిన్న విమానాలు కూలుతుంటాయట. ఎందుకండీ?
– ఓ తల్లి, కావలి

జవాబు: అమ్మా, పెద్దవూర ప్రమాదానికి ఇదే కారణమని మేం అనడం లేదు. మీరు విన్న మలుపు సంగతి మాత్రం నిజం. దాన్ని స్టాల్ అంటారు. ఇంజన్ ఆగిపోవడం కాదది. ముక్కు మరీ పైకెత్తడంతో రెక్కను అంటుకుని పారాల్సిన గాలి విడిపోయి, రెక్క బరువు మోయలేకపోవడం.

శిక్షణలో వాడే చిన్న విమానం సెస్నా 172ఎస్ నిండు బరువుతో, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కిందికి దించే పలకలు) దించకుండా, తిన్నగా ఎగురుతుంటే సుమారు 48 నాట్ల (నాట్ అంటే గంటకు సుమారు 1.85 కి.మీ.) దగ్గర స్టాల్ అవుతుంది. ఎత్తు తగ్గకుండా 45 డిగ్రీలు ఒరిగి తిరిగితే 57 దగ్గరే అవుతుంది. 60 డిగ్రీలైతే 68. దిగేటప్పుడు ఉంచే వేగమేమో 65 చిల్లర! దిగే ముందు మలుపులో గాలి వెనకనుంచి తోసి, రన్‌వేకి సూటిగా ఉండే గీతను విమానం దాటిపోతే, ఎక్కువ ఒరగడానికి జంకిన విద్యార్థి కాలితో రడ్డర్ (ముక్కును పక్కకు తిప్పే తోక పలక) తొక్కి ముక్కును రన్‌వే వైపు తిప్పుతాడు. ముక్కు వాలుతుంది, కంట్రోల్ వెనక్కి లాగుతాడు. లోపలి రెక్క ముందు స్టాలై విమానం గిరగిరా తిరుగుతుంది. అదే స్పిన్. ఒక చుట్టు తిరిగి కోలుకోవడానికే దాదాపు 1,000 అడుగులు పోతాయి. ఆ మలుపులో కింద ఉండేది 500 అడుగులే. పవర్ తగ్గించి, ఎయిలరాన్లు (విమానాన్ని పక్కకు ఒరిగించే రెక్క పలకలు) మధ్యలో ఉంచి, తిరుగుతున్న వైపుకి ఎదురు రడ్డర్ పూర్తిగా తొక్కి, కంట్రోల్ ముందుకు నెట్టాలని ఎంత బాగా తెలిసినా అక్కడ ఎత్తు చాలదు. అందుకే గీత దాటిందా, పవర్ పెంచి పైకి లేచి మళ్లీ చుట్టు తిరిగి రావాలి.

చేర్చే ముందు స్కూల్లో రెండు అడగండి: మొదటి సోలోకి (ఒంటరిగా ఎగరడానికి) ముందు స్టాల్ సాధన ఎన్నిసార్లు, ఎంత ఎత్తులో చేయిస్తారు? దిగకుండా మళ్లీ పైకి లేచినవాణ్ని కోప్పడతారా? రెండోదానికి అవునంటే అక్కడ చేర్చకండి.

ప్రశ్న: టేకాఫ్ కాగానే ఇంజన్ ఆగితే వెనక్కి తిరిగి రన్‌వే మీదే దిగొచ్చు కదా?
– డిగ్రీ విద్యార్థి, సింగరాయకొండ

జవాబు: వద్దు బాబూ. 600 అడుగుల నుంచి, ఇంజన్ లేకుండా పైన చెప్పిన సెస్నా జారగలిగేది ఒకటిన్నర కిలోమీటరు. వెనక్కి తిరగడంలోనే ఎత్తు కరిగిపోతుంది, పైగా పైన చెప్పిన మలుపే మళ్లీ వస్తుంది. వెంటనే ముక్కు దించి 68 నాట్లు పట్టుకుని, ఎదురుగా కొంచెం అటూ ఇటూ ఉన్న చోటే ఎంచుకోవాలి. కోత కోసిన పొలమైతే మేలు, కానీ గట్లకు అడ్డంగా కాకుండా వాటి వెంబడే దిగాలి; ముందు చక్రం గట్టుకు తగిలితే విమానం తిరగబడుతుంది. రొయ్యల చెరువుల వైపు పోకూడదు: చక్రాలు లోపలికి ముడుచుకోవు కాబట్టి నీళ్లలోనూ తిరగబడొచ్చు, ఏరేటర్లకు వెళ్లే కరెంటు తీగలూ ఉంటాయి. తీగలు పైనుంచి కనపడవు, స్తంభాల్ని చూసి తప్పుకోవాలి. నేల తాకేలోపే ఇంధనం కట్టేసి, తలుపు గడియ తీసి, మాస్టర్ స్విచ్ ఆపాలి.

మన వైపు ఎండ కూడా లెక్కలోకి వస్తుంది. మే నెలలో నెల్లూరులో 42 డిగ్రీలుంటే, సముద్రమట్టంలో ఉన్నా విమానానికి అది 3,000 అడుగుల పైనున్న పల్చటి గాలే. పరుగు ఎక్కువ కావాలి, ఎక్కడం నెమ్మదిస్తుంది. ఇంజన్ ఆగే వేళకి చేతిలో ఎత్తు తక్కువే ఉంటుంది.