డైపర్ల ఖర్చు తగ్గించుకోవడం ఎలా? గుడ్డ న్యాపీలు ఎంత ఉతికినా వాసన ఎందుకు వస్తుంది?

డైపర్ ఒక్కోటి పది రూపాయలనుకున్నా, రోజుకు 6 వాడితే నెలకు 1800. అందుకే పూర్తిగా మానేయక్కర్లేదు గానీ, రాత్రిపూటకీ ప్రయాణాలకీ మాత్రం డైపర్ ఉంచుకుని పగలంతా గుడ్డలు వాడితే ఖర్చు సగానికి పైగా తగ్గుతుంది. కొత్తవి కొనే ముందు ఇంట్లో పాత కాటన్ చీరలు, పంచెలు చూడండి, ఉతికి ఉతికి మెత్తబడిన ఆ బట్టకు మించింది లేదు, త్వరగా ఆరుతుంది కూడా.

ఇక వాసన సంగతి. తడిసిన గుడ్డను బకెట్లో అలాగే పడేస్తే మూత్రంలోని యూరియాను బాక్టీరియా అమ్మోనియాగా మారుస్తుంది, ఆ ఘాటు అదే. కాబట్టి మార్చిన వెంటనే ఉత్త నీళ్లలో జాడించి పిండి పక్కన పెట్టండి, సబ్బు తర్వాత. దొడ్డికి వెళ్తే ముందు దులిపి, చన్నీళ్లతో కడిగి, ఆ తర్వాతే వేడినీళ్లు, లేకపోతే మరక అంటుకుపోతుంది. సర్ఫ్ ఎక్కువేస్తే బాగా పోతుందనుకుంటారు, అది గుడ్డలో మిగిలిపోయి వాసనను పట్టి ఉంచుతుంది, పాప చర్మానికీ మంట. నురగ పోయేదాకా జాడించాల్సిందే. బట్టలు మెత్తబడ్డానికి వేసే కండిషనర్ మాత్రం వద్దే వద్దు, పీల్చే గుణం పోతుంది.

ఎండలో ఆరేస్తే మరకలు కూడా వెలిసిపోతాయి. వానాకాలంలో ఫ్యాన్ కింద విడివిడిగా ఆరేసి, అంచుల కుట్టు దగ్గర చెమ్మ లేదని చేత్తో చూసుకున్నాకే మడతపెట్టండి.