చిన్నాకి, హన్‌స్పెల్ సెటప్ గురించి

ఒరేయ్ చిన్నా,

స్పెల్లింగ్ చెక్ చేసే హన్‌స్పెల్ ప్రోగ్రామ్ నడిపితే మీ యూజర్ మాన్యువల్ అంతా తప్పులే చూపిస్తోందని రాశావు. తప్పులు అన్ని ఉండవులేరా, సెటప్ చూసుకోవాలి. ముందు క్యాపిటల్ డి ఆప్షన్‌తో నడుపు, ఏ డిక్షనరీ ఎక్కడుందో అదే చెబుతుంది. తెలుగు లేకపోతే ప్యాకేజీ వేసుకో. నీ రాతలో రెండు భాషలూ కలిసే ఉంటాయి కాబట్టి చిన్న డి తర్వాత ముందు తెలుగు, కామా, తర్వాత ఇంగ్లిష్ ఇవ్వు, మధ్యలో స్పేస్ వద్దు.

అసలు తంటా కనపడని అక్షరంతో. అమీర్‌పేట సరిగ్గా పడాలంటే 'ర్' తర్వాత జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు ఒత్తుగా కలవకుండా ఆపే, కనపడని అక్షరం) ఉండాలి, లేకపోతే అమీర్పేట అయి కూర్చుంటుంది. డిక్షనరీ నియమాలుండే అఫ్ ఫైల్‌లో వర్డ్‌చార్స్ అనే వరుసలో ఆ అక్షరం లేకపోతే హన్‌స్పెల్ మాటని అక్కడే నరికి అమీర్ ఒకటి, పేట ఒకటి అనుకుంటుంది, అందుకని దాన్ని చేర్చు. సిస్టమ్‌లో ఉన్న ఫైల్‌ని మాత్రం ముట్టుకోకు, అప్‌డేట్ వస్తే నీ మార్పు పోతుంది, అఫ్, మాటల లిస్ట్ ఉండే డిక్ రెండూ నీ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకో. చేర్చాక ఇంకోటి మొదలవుతుంది: 'సర్వర్' చివర ఆ అక్షరం మిగిలిపోయి ఉంటే ఎంతసేపు చూసినా మనకి స్పెల్లింగ్ కరెక్టే, దానికి మాత్రం అది వేరే మాట. ఆ అక్షరాన్ని లెక్కచెయ్యొద్దని అఫ్‌లో ఇగ్నోర్ వరుస పెడితే గొడవ వదులుతుంది గానీ అప్పుడు అమీర్పేట కూడా పాసైపోతుంది, నాకది ఇష్టం లేదు. చెక్ చేసే ముందు, ఫైల్‌లో అక్షరాలు మార్చే కమాండ్ సెడ్‌తో మాట చివరివి మాత్రం తీసెయ్.

కూకట్‌పల్లి, మియాపూర్ లాంటి పేర్లకి ప్రాజెక్టు ఫోల్డర్‌లోనే ఒక పర్సనల్ డిక్షనరీ పెట్టి, చిన్న పి ఆప్షన్‌తో చూపించు. లైన్‌కి ఒక మాట, అంతే. మాట ముందు స్టార్ పెడితే అది నిషేధం. పబ్లిక్‌లో ఎల్ జారిపోయినా ఇంగ్లిషులో సరైన మాటే, కాబట్టి ఆ జారిన మాటకి స్టార్ పెట్టుకో, క్లయింట్ ముందు పరువు దక్కుతుంది. విసుగొచ్చి అన్నిటికీ ఐ నొక్కుతూ పోకు, అది మాటని పర్సనల్ డిక్షనరీలోకి ఎక్కిస్తుంది, అలా ఎక్కించిన తప్పు మాటని అది మళ్లీ ఎప్పుడూ పట్టుకోదు. డౌట్ ఉంటే ఏ నొక్కు, హన్‌స్పెల్ మూసేదాకా మాత్రమే ఒప్పుకుంటుంది.

పెద్ద ఫైల్ అయితే ఒక్కో మాట దగ్గర ఆగకుండా చిన్న ఎల్ పెట్టి లిస్ట్ తీసి, సార్ట్, యూనిక్ కమాండ్ల మీదుగా పంపి (వరుసలో పెట్టి, రిపీట్ అయినవి తీసేస్తాయి) ఒకసారి చదువు. ఆ లిస్ట్ నాకూ వాట్సాప్ చెయ్, ఆదివారం చూస్తాను.

బాబాయ్