పచ్చగా కనిపిస్తే పాసైనట్టేనా?

ప్రశ్న: బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. టెస్టుల ఫలితాన్ని ఎడిటర్‌లోనే రంగుల్లో చూపించే టూల్స్ నేర్చుకుంటే టెస్టింగ్ ఉద్యోగాలకు పనికొస్తుందా? ఎలా మొదలుపెట్టాలి?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: పనికొస్తుంది. కాకపోతే ఇంటర్వ్యూలో టూల్ పేరు చెబితే చాలదు, అది చూపే రంగుకు అర్థం చెప్పగలగాలి.

పైథాన్ వస్తే, ఆ కోడ్‌కు టెస్టులు రాసి నడిపే పైటెస్ట్‌తో మొదలుపెట్టండి. వీఎస్ కోడ్ ఎడిటర్‌లో పైథాన్ ఎక్స్‌టెన్షన్ వేసుకుంటే పక్కన బీకర్ గుర్తు వస్తుంది. టెస్టులన్నీ అక్కడే కనిపిస్తాయి. టెస్టులు కోడ్‌లో ఎంత భాగాన్ని నడిపాయో (కవరేజ్) లెక్కగట్టే పైటెస్ట్-కవ్ కూడా ఇన్‌స్టాల్ చేసి, షరతుల్లో ఏయే దారులు నడిచాయో చూసే బ్రాంచ్ కవరేజ్‌తో హెచ్‌టీఎంఎల్ రిపోర్టు తీయండి. నడిచిన లైన్లు పచ్చగా, అసలు నడవనివి ఎర్రగా, ఒక దారిలోనే నడిచిన షరతులు పసుపుగా ఉంటాయి.

చాలామంది బోల్తాపడేది ఇక్కడే. పచ్చ అంటే ఆ లైను నడిచిందని మాత్రమే, సరైన జవాబు ఇచ్చిందని కాదు. ఒక్క అసర్ట్ (జవాబు సరైనదేనా అని చూసే వాక్యం) కూడా లేకుండా 100 శాతం కవరేజ్ తెచ్చుకోవచ్చు! మీకు తెలిసిన హాజరు లెక్కే తీసుకోండి. 75 శాతం, ఆపైన ఉంటే పరీక్షకు అర్హత. 65 నుంచి 75 లోపైతే కండోనేషన్, అంటే ఫీజు కట్టి మినహాయింపు పొందడం. 65 కూడా లేకపోతే డిటెన్షన్, అంటే పరీక్ష రాయనివ్వరు. 80, 70, 60లతో మూడు టెస్టులు రాస్తే ఈ లెక్క వేసే ఫంక్షన్ మొత్తం పచ్చబడుతుంది. కానీ 'ఎక్కువ లేదా సమానం' ఉండాల్సిన చోట 'ఎక్కువ' గుర్తు పడితే, సరిగ్గా 75 ఉన్నవాళ్లు కండోనేషన్ ఫీజు కట్టాల్సిందే. అందుకే 75, 74.99, 65, 64.99లతోనూ టెస్టులు రాయండి. తర్వాత ఆ గుర్తును కావాలనే చెడగొట్టి నడపండి. ఒక్క టెస్టూ ఫెయిలై ఎర్రబడకపోతే లోపం మీ టెస్టుల్లోనే ఉంది.

వెబ్ పేజీలను పరీక్షించడానికి ప్లేరైట్ అనే టూల్ నేర్చుకోండి. పేజీ స్క్రీన్‌షాట్ తీసి పాతదానితో పోలుస్తుంది. మొదటిసారి పాతది ఉండదు కాబట్టి ఫెయిల్ అని చూపి, తీసినదాన్నే నమూనాగా దాచుకుంటుంది, కంగారుపడొద్దు. విండోస్‌లో తీసిన నమూనా లినక్స్ సర్వర్‌లో అక్కరకు రాదు, రెండింటిలో ఫాంట్లు కనిపించే తీరు వేరు. రెండుచోట్లా ఒకే డాకర్ ఇమేజ్ (ప్రోగ్రామ్ నడవడానికి కావాల్సినవన్నీ కట్టిన ప్యాకేజీ) వాడితే ఆ తలనొప్పి ఉండదు. తేదీలు, ప్రకటనల్లాంటి మారే భాగాలను మాస్క్ చేయండి, అంటే పోలికలోకి రాకుండా కప్పేయండి. తేడా ఏమిటో చూడకుండా విసుగుతో నమూనాను అప్‌డేట్ చేశారో, బగ్గుకు మీరే ఆమోదముద్ర వేసినట్టు.

హాజరు ప్రాజెక్టునే గిట్‌హబ్‌లో పెట్టండి. మీ టెస్టు పట్టుకున్న బగ్గు, సరిదిద్దక ముందు, తర్వాత తీసిన రిపోర్టులు రీడ్‌మీలో (ప్రాజెక్టు గురించి చెప్పే ఫైల్లో) చూపించండి. రెజ్యూమెలో కవరేజ్ శాతం రాయడం కన్నా ఇదే నయం.