తమ్ముడూ, ఆ ఆరు నెలలు చేజారనివ్వకు

ఎడిసన్, న్యూజెర్సీ

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో నువ్వన్న మాట నా మనసులోంచి పోవడం లేదు. "పార్ట్ ఎ ఫ్రీగా వస్తుంది కదా అక్కా, ఇక ఆసుపత్రి ఖర్చు గురించి బెంగ లేదు" అన్నావు. సెప్టెంబర్‌లో నీకు అరవై ఐదు నిండుతాయి, ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్‌లోకి వస్తావు. నువ్వన్న పార్ట్ ఎ అందులో ఆసుపత్రి ఖర్చుల భాగం. మెడికేర్ వదిలేసే నీ వంతు కట్టడానికి మెడిగ్యాప్ అనే ప్రైవేటు పాలసీ ఉంటుంది, అది కాదనకుండా దొరికేది మొదటి ఆరు నెలలే. ఈ లెక్కలు ఫోన్‌లో చెబితే గుర్తుండవని కూర్చుని రాస్తున్నాను. మరదలిని కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదువు. ఆసుపత్రిలో కాగితాల మీద సంతకం పెట్టాల్సి వచ్చేది తనకే కావచ్చు.

ఫ్రీ అన్నది నెలనెలా కట్టే ప్రీమియం వరకే. నువ్వు ఈ దేశంలో పదేళ్లకు పైగా పన్ను కడుతూ ఉద్యోగం చేశావు కాబట్టి అది లేదు. ఆసుపత్రిలో చేరిన రోజున మాత్రం నీ వంతు మొదలవుతుంది. ఈ 2026లో పార్ట్ ఎ డిడక్టిబుల్, అంటే మెడికేర్ ఇవ్వడానికి ముందు నువ్వు కట్టాల్సింది, 1,736 డాలర్లు. కంపెనీ ఇన్సూరెన్స్‌కి అలవాటుపడిన మనం డిడక్టిబుల్ అంటే ఏడాదికి ఒక్కసారి అనుకుంటాం. ఇక్కడ అలా కాదు. ఆసుపత్రి నుంచి, ఆ తర్వాత కోలుకోవడానికి నర్సులుండే రిహాబ్ కేంద్రానికి వెళితే అక్కడి నుంచి కూడా బయటికొచ్చి వరుసగా 60 రోజులు గడిస్తే పాత లెక్క మూసేస్తారు. ఆ తర్వాత మళ్లీ చేరితే కొత్త లెక్క, కొత్త డిడక్టిబుల్. ఫిబ్రవరిలో న్యుమోనియాతో ఒకసారి, జూన్‌లో గుండె నొప్పితో ఇంకోసారి చేరావనుకో, ఒకే ఏడాదిలో 3,472 డాలర్లు.

మొదటి 60 రోజుల వరకు ఆ డిడక్టిబుల్‌తో సరిపోతుంది. 61వ రోజు నుంచి 90వ రోజు దాకా రోజుకు 434 డాలర్లు. అదీ దాటితే జీవితం మొత్తానికి 60 అదనపు రోజులిస్తారు, అవి రోజుకు 868. వాడుకున్న రోజు మళ్లీ రాదు. 75 రోజులు ఉండాల్సి వస్తే నీ జేబులోంచి 8,246 డాలర్లు పోతాయి. అన్ని రోజులు ఎవరుంటారు అంటావేమో. చాలామందికి ఆ అవసరం రాదు, నిజమే. నన్ను భయపెట్టేది కూడా అది కాదు, పార్ట్ బి.

ఆసుపత్రిలో మంచం, నర్సులు, భోజనం పార్ట్ ఎ కిందికి వస్తాయి. నిన్ను కోసిన సర్జన్, మత్తు ఇచ్చిన డాక్టర్, స్కాన్ చదివిన డాక్టర్ వేరే బిల్లు పంపుతారు, అది పార్ట్ బి. దానికి చాలామంది నెలకు 202.90 కడతారు, నీ ఆదాయం ఎక్కువైతే ఇంకా ఎక్కువ. ఏడాదికి 283 డిడక్టిబుల్ పోయాక 80 శాతం మెడికేర్ ఇస్తుంది, 20 శాతం నీది. ఆ 20 శాతానికి పైన హద్దు లేదు. కీమోథెరపీ లాంటిది వస్తే మెడికేర్ ఒప్పుకున్న రేటే 40 వేలు ఉందనుకో, నీ వంతు 8 వేలకు దగ్గర. లక్ష ఉంటే 20 వేలు. ఎక్కడా ఆగదు.

ఇప్పుడు మీ బావగారి సంగతి చెబుతాను. నీకు సగమే తెలుసు.

2019 జనవరిలో డ్రైవ్‌వే మీద మంచులో జారిపడ్డారు కదా. తుంటి ఎముకలో సన్నని పగులు, ఆపరేషన్ అక్కర్లేదన్నారు. ఆసుపత్రిలో మూడు రాత్రులున్నాం. గది ఇచ్చారు, చేతికి బ్యాండ్ వేశారు, సెలైన్ పెట్టారు. రెండో రోజు ఒకమ్మాయి కాగితం తెచ్చి సంతకం పెట్టమంది, పెట్టాను. అందులో ఏముందంటే, ఆయన ఆసుపత్రిలో చేరినట్టు కాదు, "అబ్జర్వేషన్"లో ఉన్నట్టు. మొదటి రెండు రాత్రులూ అలాగే రాసుకున్నారు, మూడో రాత్రి మాత్రమే ఇన్‌పేషెంట్, అంటే ఆసుపత్రిలో చేరినట్టు. ఆ తేడా నాకు తెలియదు. మంచం అదే, నర్సు అదే, గది అదే.

అక్కణ్ణించి రిహాబ్‌కి పంపారు. మెడికేర్ రిహాబ్‌కి డబ్బు ఇవ్వాలంటే ముందు ఆసుపత్రిలో వరుసగా మూడు రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండాలి. ఉంటే మొదటి 20 రోజులు నీ ఖర్చు సున్నా, 21 నుంచి 100 దాకా ఇప్పటి లెక్కన రోజుకు 217. మాకు ఒక్క రోజే లెక్కకొచ్చింది. 18 రోజులకు 8 వేల డాలర్ల పైన మేమే కట్టాం. అబ్జర్వేషన్ రోజుల్లో ఆసుపత్రి వాళ్లిచ్చిన ఆయన బీపీ, షుగర్ మాత్రలకు కూడా వేరే బిల్లు వచ్చింది.

మాకు మంచి మెడిగ్యాప్ ప్లాన్ ఉంది అప్పటికే. అయినా ఈ బిల్లులకు ఒక్క డాలర్ ఇవ్వలేదు. ఎందుకంటే మెడిగ్యాప్‌కి సొంత తీర్పు ఉండదు. మెడికేర్ ఒప్పుకున్న ఖర్చులో నీ వంతుగా మిగిలిన దాన్నే అది కడుతుంది. మెడికేర్ కాదన్నది అదీ కాదంటుంది. కాబట్టి మీరు ఎప్పుడైనా ఎమర్జెన్సీకి వెళ్లి రాత్రి ఉండాల్సి వస్తే, రోజూ డాక్టర్‌ని అడగండి: "ఇన్‌పేషెంటా, అబ్జర్వేషనా?" అబ్జర్వేషన్ అంటే, కారణమేంటి, ఇన్‌పేషెంట్‌గా ఎందుకు రాయరు అని మర్యాదగానే గట్టిగా అడగండి. ఇంటికి వచ్చాక అడిగితే చాలా ఆలస్యం. 24 గంటలు దాటి అబ్జర్వేషన్‌లో ఉంచితే వాళ్లు నోటీసు ఇవ్వాలి. నేను చదవకుండా సంతకం పెట్టింది ఆ నోటీసు మీదే.

అయితే మెడిగ్యాప్ దండగ అనుకోకు. అది లేకపోయుంటే ఆ తర్వాత ఆయనకు జరిగిన బైపాస్‌కి మేం తట్టుకునేవాళ్లం కాదు. నా మాట విని మెడిగ్యాప్‌లో ప్లాన్ జి తీసుకో. పార్ట్ ఎ డిడక్టిబుల్, 61వ రోజు నుంచి పడే రోజువారీ వంతు (కో-ఇన్సూరెన్స్), రిహాబ్‌లో 21వ రోజు నుంచి పడే 217, పార్ట్ బి లోని ఆ 20 శాతం, అన్నీ అదే కడుతుంది. ఆసుపత్రి రోజులన్నీ అయిపోతే ఇంకో 365 రోజులు ఇస్తుంది. నీకు మిగిలేది ఏడాదికి ఆ 283 మాత్రమే. మేం పాతవాళ్లం కాబట్టి ప్లాన్ ఎఫ్‌లో ఉన్నాం, 2020 నుంచి కొత్తగా మెడికేర్‌లోకి వచ్చేవాళ్లకు అది లేదు. ప్రీమియం తగ్గాలంటే ప్లాన్ ఎన్ ఉంది. దాంట్లో డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు 20 డాలర్ల దాకా, ఎమర్జెన్సీకి 50 దాకా కట్టాల్సి రావచ్చు.

మీ టెక్సాస్‌లో ఏ కంపెనీ అమ్మినా ప్లాన్ జి అంటే ప్లాన్ జి యే, లోపల కవరేజ్ ఒకటే. కాబట్టి పేరు చూసి ఎక్కువ కట్టకు. ధర చూడు, వయసుతో పాటు ప్రీమియం పెంచుతారా అని అడుగు. అరవై ఐదులో చవగ్గా దొరికింది డెబ్బై ఐదుకి అలా ఉండకపోవచ్చు.

అన్నింటికంటే ముఖ్యమైనది ఇది. అరవై ఐదు నిండి పార్ట్ బి మొదలైన నెల నుంచి ఆరు నెలలు మాత్రమే ఏ మెడిగ్యాప్ కంపెనీ అయినా నీకు పాలసీ ఇవ్వాల్సిందే. నీ షుగర్, నీ స్టెంట్ చూసి కాదనకూడదు, ఎక్కువ ధర చెప్పకూడదు. నీకు సెప్టెంబర్ 1న మొదలైతే ఫిబ్రవరి ఆఖరుతో ఆ గడువు అయిపోతుంది. ఆ తర్వాత మీ రాష్ట్రంలో ఆరోగ్యం వివరాలు అడుగుతారు. స్టెంట్ ఉన్నవాడికి కాదనే హక్కు వాళ్లకుంటుంది.

నువ్వింకా ఉద్యోగంలోనే ఉండి, కంపెనీలో 20 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉంటే, పార్ట్ బి వాయిదా వేసుకోవచ్చు. అప్పుడు ఆ ఆరు నెలలూ పార్ట్ బి తీసుకున్నాకే మొదలవుతాయి. కానీ ఉద్యోగం మానేశాక పాత కంపెనీ ఇన్సూరెన్స్‌నే సొంత డబ్బుతో కొనసాగించే కోబ్రాని నమ్ముకుని పార్ట్ బి ఆపకు. దాన్ని ఉద్యోగం ఇన్సూరెన్స్‌గా లెక్కించరు, పెనాల్టీ పడుతుంది.

నీ స్నేహితుడు చెప్పిన జీరో ప్రీమియం అడ్వాంటేజ్ ప్లాన్ గురించి అడిగావు. మెడికేర్‌ని ప్రైవేటు కంపెనీ ద్వారా తీసుకునే పద్ధతి అది. చెడ్డదని అనను. ఏడాదికి నీ జేబు ఖర్చుకి హద్దు ఉంటుంది, ఈ ఏడాది నెట్‌వర్క్ లోపల ఆ హద్దు 9,250 దాటకూడదు. పళ్లకీ కళ్లకీ కొంత ఇస్తారు. కానీ నెట్‌వర్క్ డాక్టర్లే, చాలా వాటికి ముందు అనుమతి కావాలి. నీలాంటి గుండె జబ్బు మనిషికి డాక్టర్‌ని ఎంచుకునే స్వేచ్ఛ విలువైనదని నా అభిప్రాయం. అరవై ఐదుకి మొదటిసారే అందులో చేరితే, ఏడాది లోపల వెనక్కి వచ్చి మెడిగ్యాప్ తీసుకునే హక్కు ఉంటుంది. ఏడాది దాటితే మీ దగ్గర వెనక్కి రావడం కష్టం.

ఏటా రాజమండ్రి వెళ్లి మూడు నెలలుంటావు కదా. అక్కడ ఆసుపత్రిలో చేరితే మెడికేర్ ఏమీ ఇవ్వదు. ప్లాన్ జి మాత్రం, ప్రయాణం మొదలైన 60 రోజుల్లోపు ఎమర్జెన్సీ వస్తే, 250 డాలర్లు పోయాక 80 శాతం ఇస్తుంది, జీవితం మొత్తానికి 50 వేల వరకు. మిగతా నెలకి ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకో, బిల్లులన్నీ ఒరిజినల్‌వి తెచ్చుకో.

మీ అత్తగారి విషయం: గ్రీన్‌కార్డు వచ్చి ఇక్కడ వరుసగా ఐదేళ్లు ఉంటేనే మెడికేర్ కొనుక్కునే వీలుంటుంది. పిల్లలు కట్టిన పన్ను తల్లిదండ్రులకి లెక్కకి రాదు. ఆవిడ ఇక్కడ పనిచేయలేదు కాబట్టి పార్ట్ ఎ కే నెలకు 565 కట్టాలి, పార్ట్ బి అదనం.

ఏజెంట్‌ని పిలిచే ముందు మీ రాష్ట్రంలో హైక్యాప్ అనే ఉచిత సలహా కేంద్రం ఉంది, వాళ్లకి ఫోన్ చెయ్యి. వాళ్లు ఏమీ అమ్మరు. తర్వాత మూడు కంపెనీల ప్లాన్ జి ధరలు రాసుకుని, నీ మందుల లిస్టు కూడా పెట్టి నాకు పంపు. మందులకి పార్ట్ డి వేరుగా తీసుకోవాలి, అది లిస్టు చూశాకే మాట్లాడదాం. ఆదివారం సాయంత్రం నేనూ బావగారూ ఫోన్ దగ్గరే ఉంటాం.

ప్రేమతో,
మీ అక్క