జడ్జి గురించి రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

అమెరికా జడ్జి బెంజమిన్ కార్డోజో మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. భాష బాగుంది. కానీ ఉద్యోగానికి పంపిన బయోడేటా చదువుతున్నట్టుంది. 1870లో పుట్టాడు, 1914లో జడ్జి అయ్యాడు, 1927లో న్యూయార్క్ కోర్ట్ ఆఫ్ అప్పీల్స్‌కు (ఆ రాష్ట్రంలో అన్నిటికన్నా పైకోర్టు) చీఫ్ జడ్జి, 1932లో వాషింగ్టన్‌లోని అమెరికా సుప్రీం కోర్టు, 1938లో మరణం. అన్నీ కరెక్టే. మనిషే కనపడలేదు.

జడ్జి జీవితం రాయడంలో చిక్కే అది. వినడం, చదవడం, రాయడం తప్ప బయటికి కనిపించేది తక్కువ. ఈయన పెళ్ళి కూడా చేసుకోలేదు, అక్క నెల్లీతోనే ఉండేవాడు. అందుకే ఆయన ముందుకొచ్చిన కేసుల్లోంచి రాసుకురా.

పాల్స్‌గ్రాఫ్ కేసుకు నువ్వు ఒక్క వాక్యం ఇచ్చావు. నేనైతే సగం వ్యాసం ఇస్తాను. 1924 ఆగస్టు, బ్రూక్లిన్‌లోని ఈస్ట్ న్యూయార్క్ స్టేషన్. హెలెన్ పాల్స్‌గ్రాఫ్ రాక్‌అవే బీచ్‌కు టికెట్ కొని, ఇద్దరు కూతుళ్ళతో ప్లాట్‌ఫాం మీద ఉంది. వేరే రైలు కదిలిపోతోంది. ఒకతను పరిగెత్తుకొచ్చి ఎక్కబోయాడు. పెట్టెలో ఉన్న గార్డు చెయ్యందించాడు, కిందున్న గార్డు వెనకనుంచి నెట్టాడు. అతని చేతిలోని న్యూస్‌పేపర్ పొట్లం జారి పట్టాల మీద పడింది. అందులో ఉన్నవి టపాసులు. ఆ పేలుడుకు అంత దూరాన ఉన్న తూకం మిషన్ పడి ఆవిడకు దెబ్బలు తగిలాయి. ఆవిడ రైల్వే కంపెనీ మీద దావా వేసింది. జ్యూరీ 6,000 డాలర్లు ఇమ్మంది. మొదటి అప్పీలులోనూ ఆవిడే గెలిచింది. 1928లో కార్డోజో కోర్టులో 4-3 తేడాతో ఓడిపోయింది.

తీర్పు ఆయనే రాశాడు. ఆ పొట్లాన్ని చూసి ప్రమాదం ఊహించే వీలు లేదు, కాబట్టి దూరంగా ఉన్న ఆవిడ విషయంలో గార్డుల తప్పు లేదన్నాడు. దావా ఖర్చులూ ఆవిడ మీదే వేశారు. ఆవిడ ఏం పని చేసి బతికేది, పక్కన పిల్లలున్నారా, ఏ దెబ్బ తగిలింది, ఇవేవీ తీర్పులో ఉండవు. ఆయన లాజిక్ నేను ఒప్పుకుంటాను. ఖర్చుల సంగతి మాత్రం నాకు మింగుడుపడదు.

దాని పక్కనే 1916 నాటి మాక్‌ఫర్సన్ కేసు పెట్టు. బ్యూక్ కారు చక్రంలోని కర్ర ఆకులు (స్పోక్స్) విరిగి మనిషి కిందపడ్డాడు. చక్రం వేరే కంపెనీ చేసింది, కారు అమ్మింది డీలరు, మాకేం సంబంధమంది బ్యూక్. సంబంధం ఉందని తీర్పు రాసిందీ కార్డోజోనే. ఈ రెండు తీర్పుల్లో కనిపించే ఇద్దరు కార్డోజోలను కలిపి ఒక్కణ్ణి చెయ్యడానికి తొందరపడకు.

తండ్రి ఆల్బర్ట్ సంగతికొద్దాం. ఆయనా న్యూయార్క్ జడ్జే. అవినీతి ఆరోపణల మధ్య 1872లో రాజీనామా చేశాడు. "ఆ మచ్చ కడగడానికే కొడుకు జడ్జి అయ్యాడు" అని రాశావు. నీకెవరు చెప్పారు? అప్పటికి పిల్లాడికి రెండేళ్ళని రాసి ఊరుకో. కలుపుకునేవాడు కలుపుకుంటాడు.

ఇంకోటి. న్యూయార్క్‌లో సుప్రీం కోర్టంటే కింది కోర్టు. 1913లో ఆయన ఎన్నికైంది దానికి, చేరిన కొద్ది వారాలకే పైకోర్టుకు వెళ్ళాడు. వాషింగ్టన్ సుప్రీం కోర్టు వేరు. ఏ కోర్టో ప్రతిచోటా చెప్పు, నాకే తికమక అయింది. వాషింగ్టన్‌లో ఆయనున్నది ఆరేళ్ళు, అప్పీళ్ళ కోర్టులో పద్దెనిమిదేళ్ళు. నీ వ్యాసంలో పేజీల లెక్క దీనికి తలకిందులైంది. అవి సరిచేసి పంపు, మళ్ళీ చూస్తాను.

మీ అన్నయ్య