విభక్తి వెంటబడి వస్తే

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు పంపిన ఇంగ్లీషు వ్యాసాలు రెండూ చదివాను. చెప్పదలచుకున్నది చక్కగా చెప్పావు. నేను ఎర్రసిరాతో దిద్దినవన్నీ దాదాపు ఒకే రకం తప్పులు. విశేషణం సరిగ్గానే ఎంచుకుని, దాని పక్కన రావలసిన ప్రిపోజిషన్ దగ్గర తడబడ్డావు.

ఇది అజాగ్రత్త కాదులే. మన విభక్తులే వెంటబడి వచ్చి ఇంగ్లీషు వాక్యంలో కూర్చున్నాయి. 'లెక్కల్లో దిట్ట' అనుకుని 'గుడ్ ఇన్' అన్నావు, 'గుడ్ ఎట్' అనాలి. 'అతని మీద కోపం' నీ చేత 'యాంగ్రీ ఆన్' అని రాయించింది. మనిషి మీద కోపమైతే 'యాంగ్రీ విత్', జరిగిన విషయం గురించి అయితే 'యాంగ్రీ అబౌట్'. ఫలానా వారితో పెళ్లయింది అనడానికి 'మ్యారీడ్ టు' రాయాలి, 'విత్' కాదు.

'సీనియర్ దేన్' మాత్రం నాకు పాత శత్రువు. ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే రాసి, పై అధికారి చేత దిద్దించుకున్నాను. మన 'కంటే' ఉందే, అది 'దేన్'ను లాక్కొస్తుంది. సీనియర్, జూనియర్, సుపీరియర్, ఇన్ఫీరియర్ లాటిన్ నుంచి వచ్చిన మాటలు. ఒకదానికంటే ఒకటి ఎక్కువా తక్కువా అని చెప్పే పని ఆ భాషలోనే చేసేవి. ఇంగ్లీషులో వాటి పక్కన 'టు' వస్తుంది.

ప్రిపోజిషన్ మారితే అర్థమే మారిపోయేవీ ఉన్నాయి. 'టైర్డ్ ఫ్రమ్' అంటే అలసట, 'టైర్డ్ ఆఫ్' అంటే విసుగు. చేయవలసిన పనికి 'రెస్పాన్సిబుల్ ఫర్', జవాబు చెప్పుకోవలసిన మనిషికి 'రెస్పాన్సిబుల్ టు'. 'డిపెండెంట్' పక్కన 'ఆన్' వస్తే 'ఇండిపెండెంట్' పక్కన 'ఆఫ్' ఎందుకు వస్తుందని నన్ను అడగకు. తర్కంతో తేలే వ్యవహారం కాదిది. 'డిఫరెంట్' పక్కన బ్రిటన్‌లో 'టు', అమెరికాలో 'దేన్' కూడా వాడతారు. నువ్వు 'ఫ్రమ్' రాయి, అది రెండు చోట్లా చెల్లుతుంది.

నిఘంటువులో అర్థం చూసి మూసెయ్యకు, కింద ఇచ్చిన ఉదాహరణ వాక్యాలు చదువు. నోటుపుస్తకంలో విశేషణాన్ని ఒంటరిగా ఎప్పుడూ రాసుకోకు. ప్రిపోజిషన్‌తో కలిపి, నీ సొంత వాక్యంలో పెట్టి రాసుకో. కంప్యూటర్ అక్షరదోషాలు పట్టుకుంటుంది కానీ ఈ ప్రిపోజిషన్ తప్పులను చాలాసార్లు వదిలేస్తుంది. 'ఆన్'లో అక్షరదోషం ఏముంది మరి!

దిద్దిన కాగితాలు దీనితో పంపుతున్నాను. రెండో వ్యాసంలో 'కేపబుల్' పక్కన నువ్వు రాసింది కొట్టేసి ఖాళీగా వదిలాను. అది నువ్వే వెతికి నింపి, తిరిగి పంపు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న