పాప కాస్మాలజీ చదువుతానంటోంది, రేపు ఆ థియరీ తప్పని తేలితే?

ప్రశ్న: మాది ఇచ్ఛాపురం. మా పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ. సీఎస్‌ఈ వద్దంట, విశ్వం ఎలా పుట్టిందో, ఎలా మారిందో చెప్పే కాస్మాలజీ చదువుతాదంట. ఎప్పుడు చూసినా మల్టీవర్స్ (మనదొక్కటే కాదు, ఇంకా చాలా విశ్వాలున్నాయట), బిగ్ బ్యాంగ్‌కి ముందు ఏముంది, ఈ వీడియోలే. పదేళ్ళు చదివాక ఆ థియరీ తప్పని తేలితే పిల్ల బతుకేం కావాల?

జవాబు: నమస్తే అండీ. మీ చివరి ముక్కే అసలు ప్రశ్న, ముందు దాని సంగతే చెప్తాను. మన దేశపు కాస్మాలజిస్ట్ జయంత్ నార్లికర్ గారు 1960ల్లో కేంబ్రిడ్జ్‌లో ఫ్రెడ్ హోయిల్ అనే సైంటిస్టు దగ్గర పనిచేశారు, విశ్వానికి మొదలంటూ లేదు, ఎప్పుడూ ఇలాగే ఉంది అనేది వాళ్ళ వాదన. 1965కల్లా ఆకాశంలో అన్ని వైపుల నుంచీ ఒకే తీరుగా వచ్చే మైక్రోవేవ్ రేడియేషన్ సంగతి బయటపడింది, దాన్ని ఆ థియరీ సరిగ్గా వివరించలేకపోయింది, చాలామంది సైంటిస్టులు దాన్ని వదిలేశారు. మరి ఆయన కెరీర్ పోయిందా? ముంబైలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో ప్రొఫెసర్ అయ్యారు, 1988లో పుణేలో అయుకా అనే ఖగోళ పరిశోధన కేంద్రం మొదలైతే దానికి మొదటి డైరెక్టర్ ఆయనే, 2004లో పద్మవిభూషణ్ వచ్చింది. ఈ ఫీల్డులో థియరీ ఓడిపోవడం మామూలేనండీ, తప్పో ఒప్పో తేల్చడానికి వీలుగా లెక్క కట్టి చూపించినవాళ్ళకి విలువ తగ్గదు.

నాకు బెంగ ఉన్నది వేరే చోట. వీడియోల్లో కనపడేదీ రోజూ చేసే పనీ ఒకటి కాదు, అది పాపకి ఇప్పుడే తెలియాలి. ఒక ఉదాహరణ చెప్తాను. విశ్వం పుట్టిన మొదటి క్షణంలో ఒక్కసారిగా సాగిపోయింది అనేది ఇన్‌ఫ్లేషన్ థియరీ, అలా కాదు ముందు ముడుచుకుని మళ్ళీ విచ్చుకుంది అనేది సైక్లిక్ మోడల్. ఏది నిజం అనేదానికి ఆ పాత మైక్రోవేవ్ కాంతిలో ఒక గుర్తు వెతుకుతారు, దాని బలాన్ని 'ఆర్' అనే ఒక్క అంకెతో చెప్తారు, సైక్లిక్ మోడల్ ప్రకారం అది దాదాపు సున్నా ఉండాలి, ఇన్‌ఫ్లేషన్‌లో చాలా రకాలు కొంచెమన్నా ఉండాలంటాయి. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గరున్న బైసెప్2 టెలిస్కోప్ టీమ్ 0.2 దాకా దొరికిందని చెప్తే ప్రపంచమంతా పండగ చేసుకుంది. ఏడాది తిరక్కుండానే ప్లాంక్ ఉపగ్రహం డేటా కలిపి చూస్తే అందులో చాలా భాగం మన గెలాక్సీలో ఉన్న దుమ్ము వల్ల వచ్చిందే అని తేలింది. 2021లో వచ్చిన కొలత ప్రకారం ఆ అంకె 0.036 కంటే తక్కువే, దాంతో ఇన్‌ఫ్లేషన్‌లో కొన్ని రకాలు పక్కకి పోయాయి, సైక్లిక్ మోడల్ ఇంకా బతికే ఉంది. ఆ దుమ్ము లెక్క తేల్చడమే ఉద్యోగం అండీ, అంటే స్టాటిస్టిక్స్, పైథాన్ కోడు, నెలల తరబడి ఓపిక. మల్టీవర్స్ కూడా అంతే, పక్క విశ్వం తగిలిన మచ్చలేమన్నా ఉన్నాయా అని 2011లో డబ్ల్యూమ్యాప్ అనే ఉపగ్రహం డేటా అంతా జల్లెడ పట్టారు, గట్టి ఆధారం దొరకలేదు.

ప్లాంక్ డేటా నెట్‌లో ఫ్రీగా ఉంది. పరీక్షలయ్యాక వేసవిలో పాపని దాన్ని దించుకుని పైథాన్‌లో ఒక మ్యాప్ గీయమనండి. ఎర్రర్లు వస్తుంటే విసుక్కుని లేచిపోతుందా, అన్నం కూడా మర్చిపోయి కూర్చుంటుందా, మీకే తెలిసిపోతుంది. రెండోది అయితే దయచేసి ఆపకండి.

దారి విషయానికొస్తే ఐసర్‌లో (సైన్స్ చదువుకీ పరిశోధనకీ పెట్టిన కేంద్ర ప్రభుత్వ సంస్థలు) ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్ నా మొదటి మాట. ఒకటి తిరుపతిలో ఉంది, ఇంకొకటి మీ పక్కనే బరంపురంలో ఉంది, ఆసుపత్రికీ బట్టలకీ మీవాళ్ళు వెళ్ళొచ్చే ఊరే కదా, ఆడపిల్లని దూరం పంపాలన్న బెంగ కూడా ఉండదు. ఎంట్రన్స్ పేరు ఐఏటీ. అలాంటిదే భువనేశ్వర్‌లో ఉన్న నైసర్, దానికి నెస్ట్ అనే పరీక్ష వేరే రాయాలి. ఇంటర్ బోర్డులో టాప్ 1 శాతంలో ఉండి సైన్స్ డిగ్రీలో చేరితే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 వరకు వస్తుంది. పీహెచ్‌డీలో జేఆర్ఎఫ్ అనే ఫెలోషిప్ నెలకి 37,000, రెండేళ్ళ తర్వాత 42,000, కాబట్టి అప్పటి నుంచి మీ మీద భారం ఉండదు. పర్మనెంట్ పోస్టులు మాత్రం తక్కువ, ముప్ఫై దాటాక గానీ స్థిరపడరు, ఇది దాచను. వద్దనుకుంటే అదే స్టాటిస్టిక్స్, కోడింగ్‌తో డేటా సైన్స్ ఉద్యోగాల వైపు వెళ్ళినవాళ్ళు బోలెడుమంది, సీఎస్‌ఈ కోసం మీరు పడుతున్న తాపత్రయం ఇక్కడా వృథా పోదు.

ఈఏపీసెట్ కూడా రాయించండి, సీటు చేతిలో ఉంటే మీకూ కాస్త నిద్ర పడుతుంది. ఐఏటీలో 60 ప్రశ్నలుంటే 15 బయాలజీ, ఎంపీసీ పిల్లలు అక్కడే దెబ్బ తింటున్నారు, ఎన్‌సీఈఆర్‌టీ పదకొండు, పన్నెండు తరగతుల బయాలజీ పుస్తకాలు ఈ వారమే తెప్పించండి.